పది పాయింట్ల కోసం లైబ్రరీకి వచ్చినవాళ్లు

నా టేబుల్ మీద ఒక క్యూఆర్ కోడ్ అతికించి వెళ్లారు. నన్ను అడగలేదు. పొద్దున వచ్చేసరికి పెన్‌స్టాండ్ పక్కన, సరిగ్గా నేను మోచెయ్యి ఆనించుకునే చోట, అరచేతంత స్టిక్కర్ ఉంది. దాని కింద రంగురంగుల అక్షరాల్లో 'లైబ్రరీని కనుక్కున్నారు! 10 పాయింట్లు' అని రాసి ఉంది.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ కౌంటర్‌లో కూర్చుంటాను. పుస్తకాలు ఇష్యూ చేసే కౌంటర్ వేరు, నాది అడగడానికి వచ్చే కౌంటర్. ఈ విషయం మీద ఏం చదవాలి, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడుంటాయి, ఈ నంబరున్న షెల్ఫ్ ఎటు అని అడగాలంటే నా దగ్గరికే రావాలి. మొదటి సంవత్సరం పిల్లలు మాత్రం రారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తలుపు దాకా వస్తారు, లోపలికి తొంగి చూస్తారు, ఫోనేదో వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి తిరుగుతారు. సీనియర్లెవరైనా చెయ్యి పట్టుకుని లాక్కొస్తే తప్ప, మొదటి ఇంటర్నల్స్ దాకా నా ముందు నిలబడే కొత్త మొహాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే స్టిక్కర్ చూసి చిరాకు పడ్డాను గానీ చింపెయ్యలేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం మా యూనివర్సిటీ ఈ ఏడాది తెచ్చిన యాప్ అది. పేరు రాయను. ఇలాంటివి చాలానే ఉన్నాయి, లోపలి సరుకు కూడా ఇంచుమించు ఒకటే: పాయింట్లు, బ్యాడ్జీలు, లీడర్‌బోర్డ్ అనే ర్యాంకుల పట్టిక, రోజూ తెరిస్తే పెరుగుతూ పోయే స్ట్రీక్. ఆటల్లో వాడే ఈ సరంజామాను ఆట కాని పనులకు తగిలిస్తే దాన్ని గేమిఫికేషన్ అంటున్నారు. పరీక్షించి చూడండంటూ స్టాఫ్‌కి కూడా తలా ఒక విద్యార్థి ఖాతా ఇచ్చారు. నేను సెమిస్టర్ మొత్తం, దాదాపు నాలుగు నెలలు, పట్టు వదలకుండా వాడాను. ఒక దశలో 40వ ర్యాంకు దాకా వెళ్లాను. నా పైనున్న 39 మందీ పద్దెనిమిదేళ్లవాళ్లే. ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెబితే ఎవరూ తల కూడా ఎత్తలేదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. యాప్ ఉంచుకోదగ్గదే. ఐదుకి మూడు ఇస్తాను. ర్యాంకుల పట్టిక తీసేస్తే నాలుగు.

యాప్ తెరవగానే క్యాంపస్ మ్యాప్ వస్తుంది. భవనాలన్నీ బూడిదరంగు గుండ్రాలు. మీరు అక్కడికి వెళ్లి కోడ్ స్కాన్ చేస్తే ఆ గుండ్రానికి రంగొస్తుంది. లైబ్రరీ, హెల్త్ సెంటర్, పరీక్షల విభాగం, ల్యాబులు, ఆటస్థలం ఇలా ఒక్కోటీ వెలుగుతూ పోతాయి. గుండ్రాలతో పాటు టాస్కులుంటాయి: మీ మెంటర్‌ని కలవండి, ఏదో ఒక క్లబ్‌లో చేరండి, ఒక పుస్తకం తీసుకోండి. రోజుకి ఐదు ప్రశ్నల క్విజ్ కూడా ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి రోజు నేను కూడా మధ్యాహ్నం పని మానుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడుగుపెట్టని పరీక్షల విభాగం దాకా నడిచి దానికి రంగేసి వచ్చాను.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో పరిశోధకులు 2011లోనే కొత్త విద్యార్థుల కోసం 'ఓరియెంటేషన్ పాస్‌పోర్ట్' అని ఒక మొబైల్ యాప్ చేశారు. క్యాంపస్ తెలుసుకోవడం, కార్యక్రమాలకు వెళ్లడం, తోటివాళ్లను కలవడం లాంటి పనులకు ఆటల్లో ఇచ్చినట్టు అచీవ్‌మెంట్లు తగిలించారు. మొదటి సంవత్సరం మీదే ఎందుకింత శ్రద్ధ అంటే, చదువు మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమంది జారిపోయేది అప్పుడే. విన్సెంట్ టింటో అనే అమెరికన్ విద్యావేత్త 1975లో దీని మీద ఒక సిద్ధాంతం చెప్పాడు. విద్యార్థి నిలబడతాడా వెళ్లిపోతాడా అన్నది మార్కులతోనే తేలిపోదు, చదువుతోనూ అక్కడి మనుషులతోనూ ఎంత కలిసిపోయాడన్న దాని మీద కూడా ఆధారపడుతుందని దాని సారం. తలుపు దగ్గర ఫోన్ చెవిన పెట్టుకుని వెనక్కి తిరిగే పిల్లలు ఆ రెండో లెక్కలోకి వస్తారు.

ఇక మొదటి వారం. లైబ్రరీకి జనం విరగబడ్డారు. గేటు దగ్గర రిజిస్టర్ రాసే ఆయన రెండుసార్లు కొత్త పేజీలు కుట్టుకున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు నా టేబుల్ మీదికి వంగుతారు, కెమెరా పెడతారు, 'టింగ్' మంటుంది, వెళ్లిపోతారు. ఒక్కరు కూడా నా మొహం చూడరు. దేవుడి హుండీ పక్కన కూర్చున్న మనిషిలా అనిపించింది నాకు. వచ్చినవాళ్ల చూపంతా హుండీ మీదే.

బుధవారానికల్లా జనం తగ్గారు, పాయింట్లు మాత్రం తగ్గలేదు. ఏంటా అని చూస్తే, ఎవరో నా స్టిక్కర్‌ని ఫోటో తీసి క్లాస్ గ్రూపులో పెట్టారు. ఇంకెవరో క్యాంపస్‌లోని కోడ్‌లన్నీ ఒకే పీడీఎఫ్‌గా కుట్టి పంచారు, అది కూడా మ్యాప్‌లో ఉన్న వరసలోనే. పనితనం చూసి మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ఆ వారం పట్టికలో మొదటి స్థానంలో ఉన్న అబ్బాయి లైబ్రరీ గడప తొక్కలేదని గేటు రిజిస్టర్ చెబుతోంది.

యాప్ వాళ్లు అప్పుడు లొకేషన్ చూడటం మొదలుపెట్టారు. స్కాన్ చేసేటప్పుడు ఫోన్ లైబ్రరీ దగ్గర ఉంటేనే లెక్క. భవనాల లోపల జీపీఎస్ సరిగ్గా పట్టదు, ఏ అంతస్తులో ఉన్నామో దానికి అసలే తెలియదు కాబట్టి హద్దు కాస్త పెద్దగా గీశారు. ఫలితంగా పిల్లలు లైబ్రరీ వెనక వరండాలో, నా కిటికీ బయట నిలబడి, ఫోటోలో ఉన్న కోడ్ స్కాన్ చేసుకుని వెళ్లడం మొదలైంది. కిటికీ లోంచి నేను చూస్తున్నానని కొందరు చెయ్యి కూడా ఊపారు. ఫోర్‌స్క్వేర్ గుర్తున్నవాళ్లకి ఇది పాత కథే. 2009లో వచ్చిన ఆ యాప్‌లో ఒక చోటికి ఎక్కువసార్లు వెళ్లినవాళ్లు ఆ చోటికి 'మేయర్' అయ్యేవాళ్లు. ఇంట్లో కూర్చుని మేయర్లయ్యేవాళ్లు ఎక్కువైపోతే 2010లో లొకేషన్ సరిచూసే ఏర్పాటు చేశారు. మన వాళ్లు ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. చివరికి నా టేబుల్ మీద చిన్న తెర పెట్టి, కొన్ని సెకన్లకొకసారి మారిపోయే కోడ్ అందులో వచ్చేలా చేశారు. దాంతో దొంగతనం ఆగింది. స్టిక్కర్ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, గీకితే పోవట్లేదు.

'ఒక పుస్తకం తీసుకోండి, 25 పాయింట్లు' అన్న టాస్కు సంగతి మా ఇష్యూ కౌంటర్ వాళ్లని అడగాలి. పిల్లలు షెల్ఫుల దగ్గరికి వెళ్లి అన్నిటికంటే సన్నగా ఉన్న పుస్తకం వెతుక్కునేవాళ్లు. ఇష్యూ చేయించుకుని, పాయింట్లు పడగానే పక్కకి జరిగి అదే వరసలో మళ్లీ నిలబడి రిటర్న్ చేసేవాళ్లు. బరువు మోసుకెళ్లే అవసరం కూడా లేదు. ఎప్పుడో అచ్చయిన పల్చటి లాగరిథమ్ పట్టికల పుస్తకం ఒకటి, ఎవరూ ముట్టుకోక నల్లబడిపోయినది, ఒక్కరోజులో పదకొండుసార్లు బయటికెళ్లి వచ్చింది. ఆ పుస్తకం జన్మలో అంత తిరిగి ఉండదు.

ఇదంతా చదివి నేను యాప్‌ని తిడుతున్నాననుకోవద్దు. అసలు విషయం ఇప్పుడు వస్తుంది.

మూడో వారంలో లైబ్రరీ తరఫున మేమే ఒక టాస్కు రాసిచ్చాం: 'రిఫరెన్స్ కౌంటర్‌లో ఒక ప్రశ్న అడగండి.' దీనికి స్కాన్ ఉండదు. అడిగాక నేను నా ఫోన్‌లో వచ్చే నాలుగంకెల నంబరు చెప్పాలి, వాళ్లు అది కొట్టాలి. అంటే మనిషి నా ఎదురుగా నిలబడక తప్పదు, నోరు విప్పక తప్పదు. పాయింట్లు 15 మాత్రమే. పెద్దగా రారనుకున్నాను.

మొదట వచ్చిన అబ్బాయి బ్యాగు రెండు చేతులతో గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు.

"మేడమ్, యాప్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగమంది."

"అడుగు బాబూ."

"ఏం అడగాలో చెప్పలేదు మేడమ్."

ఇద్దరం నవ్వాం. "ఏదైనా అడుగు" అన్నాను. లైబ్రరీ ఎన్నింటికి మూస్తారని అడిగాడు. చెప్పాను. నంబరు కూడా చెప్పాను. కొట్టుకున్నాడు, పాయింట్లు పడ్డాయి. కానీ కదల్లేదు. బ్యాగు జిప్పు ఒకసారి తెరిచి మూసి, "మేడమ్, క్లాసులో చెప్పేది అస్సలు అర్థం కాకపోతే, ముందు నుంచి ఉండే పుస్తకం... అంటే చిన్నపిల్లల పుస్తకం లాంటిది... ఉంటుందా?" అన్నాడు. కాలిక్యులస్. వాళ్ల సిలబస్ పుస్తకానికి రెండు మెట్లు కింద నుంచి మొదలయ్యేది ఒకటి తీసిచ్చాను. అది అతను వెంటనే తిరిగివ్వలేదు. రెండుసార్లు రెన్యూ చేయించుకున్నాడు.

ఆ తర్వాత కౌంటర్‌కి వచ్చినవాళ్లందరిదీ ఇదే వరస. ముందు ఒక ఉత్తుత్తి ప్రశ్న, దాని వెనక అసలు ప్రశ్న. "యాప్ అడగమంది" అన్న మాట ముందర పెట్టుకుంటే, తెలియదని ఒప్పుకోవడం వాళ్లకి తేలికైంది. అడిగేది యాప్ కదా, తాము కాదు కదా. పద్దెనిమిదేళ్ల వయసులో కొత్త చోట తెలివితక్కువగా కనిపిస్తామేమోనన్న భయం ముందు 15 పాయింట్లు ఏపాటివి? ఆ పాయింట్లు వాళ్ల చేతికి ఒక సాకు ఇచ్చాయి, అంతే. ఇన్నేళ్లూ మేం 'మీ సందేహాలు అడగండి' అని పెద్ద బోర్డు పెట్టి కూర్చున్నాం. బోర్డు పిలుపే ఇచ్చింది, సాకు ఇవ్వలేదు. ఈ ఒక్క కారణానికి యాప్‌కి రెండు నక్షత్రాలిచ్చాను. మిగతా అన్నీ కలిపితే మూడోది.

రెండో మంచి టాస్కు కూడా మాదే కాబట్టి కాస్త డబ్బా కొట్టుకుంటాను. నలుగురు జట్టుగా ఆడే వేట అది. మా షెల్ఫులు డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక నంబరు ఇచ్చే పద్ధతిలో, ఉంటాయి. మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చేసిన పద్ధతే, సవరణలతో ఇంకా నడుస్తోంది. 510 అంటే గణితం, 530 భౌతికశాస్త్రం, 540 రసాయనశాస్త్రం. ఈ నంబర్లని క్లాసులో చెబితే ఆవలింతలొస్తాయి. వేటలో ఒక్కో ఆధారం ఒక్కో కాల్ నంబర్‌కి, అంటే షెల్ఫులో పుస్తకం చోటు చెప్పే నంబరుకి, దారి తీస్తుంది, అక్కడున్న కార్డు మీద తర్వాతి ఆధారం ఉంటుంది. ఆఖరిది 794.1. అది చదరంగం షెల్ఫ్. యూనివర్సిటీ లైబ్రరీలో చదరంగం పుస్తకాలుంటాయని వాళ్లెవరికీ తెలియదు. వేట అయిపోయాక ఇద్దరు అక్కడే నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు, మిగతా ఇద్దరు "పాయింట్లు సబ్మిట్ చెయ్యాలి, లేవండ్రా" అని గోల. నాకు తెలిసి వీళ్లలో చాలామందికి ఆ పూట దాకా పక్కవాడి పేరు కూడా సరిగ్గా తెలియదు. ఒక ఆధారం రసాయనశాస్త్రం చదివేవాళ్లకే తేలేలా, ఇంకోటి సాహిత్యం తెలిసినవాళ్లకే తేలేలా పెట్టాం కాబట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పలేదు.

ఇలాంటి టాస్కులు తయారుచేసే పేజీ మాత్రం నరకం. ఒక్కో ఆధారానికి ఆరు పెట్టెలు నింపాలి, మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటి నుంచి. పన్నెండు ఆధారాలకి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఇక ర్యాంకుల పట్టిక. నా ఫిర్యాదుల్లో పెద్దది ఇదే.

పట్టికలో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అందరూ కనిపిస్తారు. మీరెక్కడున్నారో మీకే కాదు, అందరికీ కనిపిస్తుంది. మొదటి పదిమంది మధ్య పోటీ భలే జోరుగా ఉంటుంది, నిజమే. కింద ఉన్న వందలమంది ఏం చెయ్యాలి? సెమిస్టర్ మధ్యలో చేరిన ఒకమ్మాయి ఫోన్ నాకు చూపించింది. ఆమె చేరేటప్పటికే పైవాళ్లకి వేలల్లో పాయింట్లున్నాయి. రోజూ అన్ని టాస్కులూ చేసినా అందుకోలేదని ఆమే లెక్క కట్టుకుంది. "చివరి నుంచి నాలుగో దాన్ని మేడమ్, మా క్లాసోళ్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు" అంది నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కొత్తగా వచ్చిన పిల్లకి ఈ ఊళ్లో నీకు చోటుందని చెప్పాల్సిన యాప్, నువ్వు కింది నుంచి నాలుగోదానివని చెప్పింది.

ఇది తెలియక చేసే తప్పు కూడా కాదు. నార్వేలో మొదలై 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కహూట్ క్విజ్‌లో ప్రశ్న ప్రశ్నకీ మధ్య తెర మీద పై ఐదుగురినే చూపిస్తారు, మిగతావాళ్ల స్థానం వాళ్ల ఫోన్‌లోనే కనిపిస్తుంది. భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌లో లీగులనే వారం వారం పోటీల్లో ఒక గుంపులో 30 మంది దాకా ఉంటారు, వారం తిరగ్గానే లెక్క మళ్లీ సున్నా నుంచి. ఈ వారం వెనకబడితే వచ్చే వారం ఉంది. మా యాప్‌లో నాలుగు నెలల పాటు ఒకటే లెక్క, అందరూ ఒకే వరసలో.

ఒకటి రెండు పరిశోధనలు వెతికి చదివాను, నా కౌంటర్ పనే అది కదా. హానస్, ఫాక్స్ అనే ఇద్దరు 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే కోర్సును రెండు క్లాసులకు చెప్పారు. ఒక క్లాసుకి బ్యాడ్జీలు, లీడర్‌బోర్డ్ పెట్టారు, ఇంకోదానికి పెట్టలేదు. 16 వారాలు చూశారు. పోనుపోను ఆసక్తి, తృప్తి తగ్గింది బ్యాడ్జీలున్న క్లాసులోనే. చివరి పరీక్షలో మార్కులు తక్కువొచ్చింది కూడా వాళ్లకే. ఇది ఒక్క అధ్యయనం, దీంతో అంతా తేల్చెయ్యలేం. కానీ యాప్ పెట్టే ముందు ఎవరో ఒకరు చదివి ఉంటే బాగుండేది. మా రెండో అంతస్తులోనే దొరుకుతుంది.

నా అనుభవంలోంచి కూడా ఒకటి చెబుతాను. గురువారం సాయంత్రాలు లైబ్రరీలో పుస్తకాల ముచ్చట అని ఒకటి జరుగుతుంది. ఎవరో ఒకరు చదివింది చెబుతారు, మిగతావాళ్లు వింటారు. పది పన్నెండు మంది వచ్చేవాళ్లు, ఏళ్ల తరబడి అంతే. యాప్‌లో దీనికి 30 పాయింట్లు పెట్టారు. కుర్చీలు చాలలేదు. రెండు నెలలయ్యాక పాయింట్లు తీసేసి ఇంకో కార్యక్రమానికి మార్చారు. తర్వాతి గురువారం ఏడుగురు. పాతవాళ్లలో కూడా కొందరు రాలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి రాలేదేమో, నేను ఖచ్చితంగా చెప్పలేను. కానీ 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ఒక ప్రయోగం గుర్తొచ్చింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు ఆ పిల్లలు గీయడం తగ్గించారు. ముందు చెప్పకుండా హఠాత్తుగా సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. దీన్ని బట్టి నాకు తోచింది, వాళ్లంతట వాళ్లు ఇష్టంగా చేస్తున్న పనుల జోలికి యాప్ రాకూడదు. భయపడో బద్ధకించో ఆగిపోయిన చోటే దాని పని.

స్ట్రీక్ గురించి. రోజూ క్విజ్ చేస్తే చిన్న దీపం వెలుగుతుంది, ఒక్క రోజు తప్పితే ఆరిపోయి లెక్క సున్నా. నాది 52 రోజులు నడిచింది. 53వ రోజు జ్వరం. రాత్రి పదకొండింటికి 'మీ దీపం కొండెక్కబోతోంది!' అని నోటిఫికేషన్. జ్వరంలో ఉన్న మనిషి చదవాల్సిన వాక్యం కాదది. లేచి చేశానా? చేశాను. అందుకు సిగ్గుపడుతున్నాను కూడా. నా సంగతి సరే, మా దగ్గరికొచ్చే ఒక పిల్లవాడు 30 రోజుల స్ట్రీక్ పోయిన రోజే యాప్ తీసేశాడు. "మళ్లీ ఒకటి నుంచి ఎవరు చేస్తారు మేడమ్" అన్నాడు. డ్యుయోలింగోలో ఒక రోజు తప్పినా స్ట్రీక్ పోకుండా ఆపే 'ఫ్రీజ్' ఉంటుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. రోజువారీ పనులను ఆటగా మార్చే హబిటికా అనే ఇంకో యాప్‌లో దీనికి తలకిందుల సమస్య. జట్టుగా ఒక రాక్షసుడితో పోరాడేటప్పుడు ఒకరు రోజువారీ పని తప్పితే దెబ్బ జట్టంతటికీ తగులుతుంది. మా వాళ్లు ఇంకా అంత దూరం వెళ్లలేదు, సంతోషం.

క్విజ్ మాత్రం ఆలోచనగా మంచిదే. చదివిందే మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు చేసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే 2006లో చూపించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెడితే గుర్తు చేసుకున్నవాళ్లు ముందున్నారు. కాబట్టి రోజుకి ఐదు ప్రశ్నలు చాలు, అడిగేవి పాఠాల్లోంచి అడిగితే. మావాళ్లు అడిగినవి ఎలాంటివంటే, యూనివర్సిటీ చిహ్నంలో ఎన్ని నక్షత్రాలున్నాయి, పరిపాలనా భవనం ఏ రంగు. ఒకరోజు 'లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు?' అని వచ్చింది. నొక్కాను. 'తప్పు! మళ్లీ ప్రయత్నించండి' అంది. తాళాలు నా బ్యాగులో ఉన్నాయి. ఎవరో పాత వేళలు ఎక్కించారు, సరిచెయ్యడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ, సరైన జవాబు తెలిసి కూడా పాయింట్ల కోసం తప్పు జవాబు నొక్కిన పిల్లలు నాతో చెప్పి మరీ నవ్వారు.

ఇంకొన్ని చిన్నవి. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటుంది, స్కాన్ చేసేటప్పుడు మాత్రమే చాలు కదా. బ్యాటరీ సాయంత్రానికి అడుగంటుతుంది. కాంటాక్టులు చూడటానికి అనుమతి అడుగుతుంది, ఎందుకో రాయలేదు. నేను ఇవ్వలేదు, ఇవ్వకపోయినా పనిచేసింది, మీరూ ఇవ్వకండి. విద్యార్థి ఏ వేళకి ఎక్కడున్నాడో ఆ వివరాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నదానికి యాప్‌లో ఎక్కడా జవాబు లేదు. పాత ఫోన్లలో మ్యాప్ తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. చూపులేని ఒక విద్యార్థి, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో యాప్ తెరిచాడు. మ్యాప్ మీద గుండ్రాలకి పేర్లు రాయలేదు. రీడర్ "బటన్, బటన్, బటన్" అని చదువుకుంటూ పోయింది. క్యాంపస్ తెలియడం అందరికంటే ఎక్కువ అవసరమైనవాడికి యాప్ చెప్పింది అదీ. పేర్లు తగిలించడం ఒక పూట పని. ఆ అబ్బాయిని నేనే తిప్పి చూపించాను. నా నాలుగంకెల నంబరు అడగకుండానే చాలా ప్రశ్నలు అడిగాడు.

ఇలాంటి యాప్ పెట్టాలనుకునే వేరే యూనివర్సిటీల వాళ్లు ఎవరైనా చదువుతుంటే, నా మాటగా రెండు మూడు చెబుతాను. మొదటి ఆరు వారాలు నడిపి ఆపెయ్యండి, అప్పటికి తెలియాల్సిన చోట్లు తెలిసిపోతాయి. స్కాన్ చేసి వెళ్లిపోయే టాస్కులు ఒకటో రెండో చాలు, మిగతావన్నీ ఒక మనిషి దగ్గర ఆగేవి పెట్టండి. ఆ మనిషికి ముందే చెప్పండి, వీలైతే అతన్నే టాస్కు రాయమనండి. మా హెల్త్ సెంటర్ నర్సుకి తన దగ్గరికి పిల్లలెందుకు వచ్చి 'టింగ్' మనిపించి పోతున్నారో పది రోజుల దాకా తెలియదు.

విద్యార్థులకైతే, మొదటి నెల వాడండి. ర్యాంకు చూడకండి. నోటిఫికేషన్లు ఆపుకోండి, సెట్టింగ్స్‌లో అట్టడుగున ఉంటుంది ఆ మీట.

సెమిస్టర్ అయిపోయాక యాప్ వాళ్లకి నాలుగు విన్నపాలు రాశాను: పట్టిక తీసెయ్యండి, స్ట్రీక్‌కి సెలవు పెట్టండి, గుండ్రాలకి పేర్లు రాయండి, స్టిక్కర్ ఎలా ఊడుతుందో చెప్పండి. మూడు రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది. పేర్ల పని వచ్చే అప్‌డేట్‌లో చేస్తారట. స్ట్రీక్ సంగతి ఆలోచిస్తారట. స్టిక్కర్‌కి గోరువెచ్చని సబ్బునీళ్లు వాడమన్నారు. ర్యాంకుల పట్టిక తీసెయ్యడానికి మీట మొదటి నుంచీ ఉందట, మీ యూనివర్సిటీ అడ్మిన్ ఎవరో ఆయన ఒక్కసారి నొక్కితే చాలన్నారు. ఆ అడ్మిన్ ఎవరని మా కంప్యూటర్ సెంటర్‌లో అడిగాను. వాళ్లు విద్యార్థి వ్యవహారాల విభాగం అన్నారు. అక్కడ అడిగితే కంప్యూటర్ సెంటర్ అన్నారు. రేపు మూడోసారి వెళ్తున్నాను. వెళ్లినందుకు నాకు పాయింట్లేమీ రావు, ఆ రెండు గుండ్రాలకీ ఎప్పుడో రంగు పడిపోయింది.